రెండు తొడలకూ ఒకే చోట

లాండ్రీ వెనక గది,
మంగళవారం

చెల్లీ,

నిన్నటి పొద్దున సంగతి రాస్తాను. అన్ని పొద్దులలాంటిదే. దేవుడి దగ్గర దీపం వెలిగించి కూర్చున్నాను. మేడ మీద తమ్ముడి వ్యాయామశాలలో ఇనుప బిళ్ళలు ధన్ ధన్‌మని పడుతున్నాయి. ఒక్కో దెబ్బకి ఒత్తి వణుకుతుంది. అలవాటైపోయింది. ఇప్పుడు ఆ చప్పుడు లేకపోతేనే నాకు ధ్యాస కుదరదు.

లేచి షట్టర్ ఎత్తాను. మీ బావగారు బాయిలర్ కింద మంట పెట్టారు. ఆసుపత్రి దుప్పట్లు ఒక కుప్ప, హోటల్ టేబుల్ గుడ్డలు ఇంకో కుప్ప వేరుచేశాను. దుప్పట్లు చేత్తో ముట్టను, కర్రతో ఎత్తి వేస్తాను. వాటి మీద మనిషి ఒంట్లోంచి రాగలిగినవన్నీ చూశాను. నాకు వెగటు పోయి చాలా కాలమైంది అనుకున్నాను.

తరవాత ఇంటి బట్టలు. నీ కొడుకు బూడిదరంగు ప్యాంటు తిరగేశాను. లోపల మరకలు. చేతులు వేలాడేసి నిలబడితే అరచేయి ఎక్కడ ఆనుతుందో సరిగ్గా అక్కడ. మధ్యలో జిడ్డు, అంచున పసుపు. గంజి పెట్టి ఎండేసినట్టు బిర్రబిగుసుకుంది గుడ్డ. వాసన చూశాను. చూడకుండా ఉండాల్సింది. 

వాణ్ణి అడిగితే, "సెగ్గడ్డలు పెద్దమ్మా, ఎండకి" అని పైకి వెళ్ళిపోయాడు. మెట్లు ఎక్కేటప్పుడు ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెడుతున్నాడు.

వాణ్ణి అందరూ పిచ్చుక అని ఏడిపించేవారంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. పుల్లల్లాంటి ఆ కాళ్ళు పోయాయి. తొడలు మీ బావగారి ప్యాంటులో పట్టనంత అయ్యాయి. తమ్ముడు వచ్చే నెల పోటీలో నిలబెడతానంటున్నాడు.

సెగ్గడ్డలకి ఏం రాయాలో చెప్పు. ఫోన్ ఎందుకు చెయ్యలేదంటావేమో. ఫోన్లో నువ్వు గొంతు పట్టేస్తావు.

నీ తొడ ఎముక అతుక్కుంటోందా?

అక్క


ఎముకల వార్డు, కిటికీ పక్క మంచం,
శుక్రవారం

అక్కా,

ఫోన్లో గొంతు పడతానని ఉత్తరం రాశావు. ఉత్తరంలో ఏం పట్టనని నీ ధైర్యం?

నా సంగతి అడిగావు కదా, విను. నేను పాఠం చెప్పిన నర్సింగు పిల్లలే నాకు ఇప్పుడు డ్యూటీ. ఇవాళ నలుగురు మంచం చుట్టూ నిలబడి దుప్పటి తీసి, నా తొడ మీద వేలు పెట్టి ఒకరికొకరు అప్పజెప్పుకున్నారు. "ఇది తుంటి కీలు. ఇది గజ్జ. ఇక్కడ తొడ ధమని కొట్టుకుంటుంది." ఒక పిల్ల ధమని దొరక్క నా పొట్ట నొక్కింది. "అక్కడ కొట్టుకుంటోంది నా ఆకలే తల్లీ" అన్నాను. పుస్తకంలో ఊర్వస్థి, డాక్టర్లకి ఫీమర్, మనకి తొడ ఎముక. ఒంట్లోకెల్లా పొడుగైందీ గట్టిదీ అని ఏటేటా బోర్డు మీద రాశాను. స్కూటర్ పడ్డ రోజున సుద్దముక్కలా రెండైంది.

మిగతా వైభోగం నీకు రాయను. మంచంలోనే అన్నీ. నా విద్యార్థి నా కింద పళ్ళెం పెట్టి, "అయిందా మేడమ్?" అని అడుగుతుంది. నా ఒళ్ళంటే నాకే రోత పుట్టింది.

ఇక నీ సెగ్గడ్డలు. సెగ్గడ్డకి తల ఉంటుంది. తల ఉందా? ముట్టుకుంటే వేడిగా ఉందా? గజ్జలో బిళ్ళ కట్టిందా? జ్వరం ఉందా? చోటు కూడా సరిగ్గా రాయి. తొడ ముందా, వెనకా, లోపలివైపా, బయటివైపా? మనింట్లో నడుం కింద నుంచి మోకాలి దాకా అన్నిటికీ 'కాలు' అనే అంటాం, తొడ అనడానికి అందరికీ సిగ్గు. డాక్టర్ దగ్గర ఆ సిగ్గు పనికిరాదు.

ఇంకోటి. మరకలు అన్నావు. రెండు కాళ్ళకీనా?

వాళ్ళ నాన్న పోయాక వాడి ఒంటికి ముల్లు గుచ్చుకున్నా నాకు నిద్రపట్టేది కాదు. ఈ మంచం ఎక్కినందుకే వాణ్ణి నీ దగ్గరికి పంపాను. త్వరగా రాయి.

చెల్లి


లాండ్రీ వెనక గది,
బుధవారం

చెల్లీ,

అడిగినవాటికి జవాబులు. తొడ బయటివైపు. తల లేదు. వేడిగా ఉంది. గజ్జలో బిళ్ళ కట్టింది. నేనే తడిమి చూశాను. "పెద్దమ్మా! నేనేమైనా పసిపిల్లాణ్ణా?" అని కేకలు పెట్టాడు. జ్వరం సాయంత్రాలు వచ్చి పొద్దునకి దిగుతోంది.

ఆదివారం ఒకటి దానంతట అదే పగిలింది. గుడ్డతో తుడిచాను. వచ్చింది చీమొక్కటే కాదు. ఏదో పలచగా, జిడ్డుగా, పసుపూ ఎరుపూ కలిసి. గుడ్డ బకెట్లో వేస్తే నీళ్ళ మీద కళ్ళు కళ్ళుగా తేలింది, కడగని మూకుడులో నీళ్ళు పోస్తే తేలినట్టు. కనరు వాసన. ఆ బకెట్ మళ్ళీ వాడలేదు. ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచాను.

తమ్ముడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. తువ్వాలు ముక్కుకి అడ్డంపెట్టుకుని, "అక్కా, ఏదైనా చల్లవే. వాసన మెట్ల మీదకి వస్తోంది, మెంబర్లు అడుగుతున్నారు" అన్నాడు. అలా అని తానే అత్తరు తెచ్చి మెట్ల మీద చల్లాడు. ఇప్పుడు ఆ రెండు వాసనలూ కలిసి ఇంట్లో తిరుగుతున్నాయి. ఏది అసహ్యమో చెప్పలేను.

రేపు డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తాను. దిగులుపడకు. ప్రార్థన చేస్తున్నాను.

అక్క


ఎముకల వార్డు, అదే మంచం,
శనివారం

అక్కా,

అన్నిటికీ జవాబు రాసి ఒక్కటి మింగేశావు. నువ్వు అబద్ధం ఆడవు, దాటేస్తావు. చిన్నప్పటి నుంచీ అంతే.

రెండు కాళ్ళకీనా?

నువ్వు రాయకపోయినా నాకు తెలుసు. మొదటి ఉత్తరంలో అరచేతులు ఆనే చోట మరకలు అన్నావు. సెగ్గడ్డలు టేపు పెట్టి కొలుచుకుని రెండు తొడలకీ ఒకే ఎత్తున రావు. తొడని మనసులో మూడు వాటాలు వేసి, నడిమి వాటాలో, బయటివైపు. అక్కడ పెద్ద నరం లేదు, పెద్ద రక్తనాళం లేదు, కండ మందంగా ఉంటుంది. పసిపిల్లలకి టీకా అక్కడే వేస్తాం. ఆ చోటుని నిద్రలో లేపి అడిగినా చూపిస్తాను.

అది సూది వేసే చోటు అక్కా.

ఎవరు వేశారు? ఏం వేశారు? చీములో నూనె ఎందుకు తేలింది?

మంచాన పడ్డాను కదా అని నాకు సగం సగం వడ్డించకు. నాకు విరిగింది కాలు. బుర్ర కాదు.

చెల్లి


లాండ్రీ వెనక గది,
మంగళవారం

చెల్లీ,

రెండు కాళ్ళకీ.

డాక్టరుగారు వేలితో నొక్కి, వేళ్ళు ఒకదానికొకటి రాసి చూసుకున్నారు. "ఏం ఎక్కించుకున్నావురా?" అన్నారు. "విటమిన్" అన్నాడు నీ కొడుకు. "విటమిన్ ఇంత జిడ్డుగా ఉండదు నాయనా" అన్నారాయన. వాడు నేల చూపులు చూశాడు. "మామయ్య వేశాడు" అన్నాడు.

తిన్నగా మేడ మీదకి వెళ్ళాను. నేను ఎప్పుడూ ఎక్కను అక్కడికి. నాలుగు గోడలకీ అద్దాలు. చెమటకి తడిసిన రబ్బరు పరుపులు. ఎటు చూసినా ఎవరో ఒకరు తనని తాను చూసుకుంటున్నారు. అందర్నీ పంపించెయ్యమన్నాను. పెద్ద అద్దం వెనక అర ఉంది. అందులో ఒక గిన్నె, గ్లాసులో నిలబెట్టిన సూదులు. పక్కన నా నువ్వుల నూనె డబ్బా. దేవుడి దీపానికి విడిగా తెచ్చిపెట్టుకునేది. నెలకోసారి తరిగిపోతోందంటే ఒత్తి లావైందేమో అనుకున్నాను. ఇస్త్రీకి తడిపి పరిచే నా తెల్ల పలచగుడ్డ కూడా అక్కడే ఉంది, నూనె ఓడుతూ.

"ఇదేంట్రా?" అన్నాను.

"కంగారు పడకక్కా. కాచి చల్లార్చిందే. నీ గుడ్డలోనే వడగట్టాను. నీ గుడ్డకన్నా శుభ్రమైంది ఇంకెక్కడ దొరుకుతుంది?"

"ఈ నూనె తీశావా?"

"బజారుది కల్తీ అక్కా. నువ్వు దేవుడికని మంచిది ఏరి తెస్తావు కదా. పిల్లాడి ఒంట్లోకి వెళ్ళేది, జాగ్రత్త పడొద్దూ?"

ఆ మాట అన్నప్పుడు వాడి మొహంలో గర్వం ఉంది చెల్లీ. జాగ్రత్త పడ్డానన్న గర్వం. చీము కడిగినప్పుడు వచ్చిన దానికన్నా పెద్ద వెగటు అప్పుడు వచ్చింది నాకు. 

"దీంతో కండ పెరుగుతుందా?"

"పెరగదు, పొంగుతుంది. పోటీ దాకా నిలిస్తే చాలు. అయినా వాడే అడిగాడక్కా. అందరూ పిచ్చుకా పిచ్చుకా అంటుంటే వాడికి మాత్రం రోషం ఉండదా?"

"ఆ పేరు పెట్టిందెవర్రా?"

వాడు అద్దంలోకి చూసి జుట్టు సర్దుకున్నాడు.

డాక్టరుగారు చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నూనె లోపల ముద్దలు ముద్దలుగా గడ్డకట్టింది. దాని చుట్టూ కండ చచ్చింది. చచ్చింది తీసెయ్యాలి. ఆలస్యమైతే విషం రక్తంలోకి పోతుంది, ఎముకకీ పట్టొచ్చు. అప్పుడిక తొడ దగ్గరే కాలు తీసెయ్యాల్సి రావచ్చు.

వాడు ఒప్పుకోవడం లేదు. పెద్దవాడయ్యాడు కదా, కాగితం మీద సంతకం వాడే పెట్టాలి. "కోస్తే గుంట పడుతుంది పెద్దమ్మా. ఆ గుంట తొడలు వేసుకుని ఎవరి ముందు నిలబడను? మాత్రలిస్తే చాలు" అంటాడు. తమ్ముడు పక్కన నిలబడి, "పోటీ కానీ, తరవాత చూద్దాం" అంటాడు. వాళ్ళిద్దరికీ అదే లోకం.

దీపం ముందు కూర్చోలేకపోతున్నాను. నూనె వేడెక్కిన వాసన రాగానే డోకు వస్తోంది. ఇవాళ ఊరికే చేతులు జోడించి లేచాను.

ఏం చెయ్యమంటావు?

అక్క


ఎముకల వార్డు,
గురువారం

అక్కా,

నీ ఉత్తరం మా పిల్ల ఒకతె తెచ్చిచ్చింది. చదివి, పళ్ళెం తెమ్మన్నాను. వాంతి చేసుకున్నాను. పాపం ఆ పిల్ల నాకు పథ్యం పడలేదనుకుంది.

తమ్ముడనే మాట నా నోట రావడం లేదు. అమ్మ పోయాక వాణ్ణి తొడ మీద కూర్చోబెట్టుకుని ముద్దలు పెట్టావు. వాడు తప్పు చేసినప్పుడల్లా నేను తొడపాశం పెడతానంటే అడ్డం పడేదానివి. ఒక్కటి పెట్టనిచ్చి ఉంటే, తొడలో నొప్పి అనేది ఒకటుంటుందని వాడికి తెలిసేది. పొద్దస్తమానం అద్దం ముందు తొడ కొట్టుకునేవాడికి లోపల ఏముంటుందో తెలియదు. వాడికి అదొక తిత్తి. నింపితే నిండుతుందని లెక్క.

సరే. తిట్టడానికి నాకు బోలెడు తీరిక ఉంది. పిల్లాడికి లేదు. ఈ కింద రాసింది వాడికి చదివి వినిపించు. పెద్దగా చదువు. వాడి మామయ్య అక్కడే ఉండాలి. చదువుతూ మధ్యలో ఏమీ దాటెయ్యకు.

ఒరేయ్ నాన్నా,

నీకు ఒకటి చెప్పలేదు. నాకు రాడ్ వేసిన చోట చీము పట్టింది. రెండోసారి తెరిచారు. తొడ బయటి కండలో అరచేతి మందం చచ్చిపోయిందని కోసి పారేశారు. ఇప్పుడు అక్కడ గుంట ఉంది. మా పిల్లలు ఒళ్ళు తుడిచేటప్పుడు సబ్బుబిళ్ళ అందులో పెడతారు, జారదని. నేను నవ్వుతాను. మొదటిసారి నవ్వలేదు. అద్దం అడిగి చూసుకుని, ఛీ, ఇది నాది కాదు అనుకున్నాను. దుప్పటి కప్పేశాను. నువ్వు చూడ్డానికి వస్తే ఎలా అని, వస్తానన్న ప్రతిసారీ పరీక్షలు చదువుకోమన్నాను. ఆ కాలు రెండోదానికన్నా పొట్టి కూడా అయింది. ఇక మీదట కుంటుతాను.

నిన్న కర్ర పట్టుకుని కిటికీ దాకా నడిచాను. ఈ గుంట తొడతోనే.

తొడ ముందువైపు పెద్ద కండ ఒకటి కాదు, నాలుగు కలిసింది. నాలుగు తలలంటాం. అన్నీ మోకాలి దగ్గర కలుస్తాయి. ఒకదాంట్లో కొంత పోయినా మిగతావి మోస్తాయి, ఆలస్యంగానైనా మోస్తాయి. నిన్ను ఓదార్చడానికి అనడం లేదు. పాఠంలో ఉన్నదే చెప్తున్నా. కాలే పోతే మాత్రం చెప్పడానికి నా దగ్గర పాఠం లేదు.

నీ పుల్ల కాళ్ళు నాకు తెలుసు. వాటితోనే నువ్వు నా ముందు పరిగెత్తేవాడివి. వాటిని అసహ్యించుకోవడం నేను నేర్పలేదు.

సంతకం పెట్టు.

అమ్మ

అక్కా, చదివాక ఏమైందో ఆ పూటే రాయి.

చెల్లి


లాండ్రీ వెనక గది,
ఆదివారం సాయంత్రం

చెల్లీ,

ఇప్పుడే లేచారు అందరూ. వెంటనే రాస్తున్నాను.

షట్టర్ దించి, బట్టలు మడతపెట్టే బల్ల చుట్టూ కూర్చున్నాం. మీ బావగారు, నేను, తమ్ముడు. నీ కొడుకు పక్కన మడతమంచం మీద ఉన్నాడు. ఒళ్ళు కాలుతోంది. కాళ్ళు దుప్పటి మీద పెట్టి ఉన్నాయి, దుప్పటి బరువు కూడా ఓర్చలేక. కట్టు అప్పుడే మార్చాను. అయినా గది నిండా ఆ కనరే.

నీ ఉత్తరం చదివాను. దాటెయ్యలేదు. సబ్బుబిళ్ళ దగ్గర ఆగాను. మీ బావగారు మంచినీళ్ళు ఇచ్చారు. మళ్ళీ చదివాను.

వాడు గోడవైపు తిరిగాడు. "అమ్మ ఒక్కసారి కూడా నొప్పి అనలేదే" అన్నాడు.  సంతకం మాట ఎత్తలేదు.

తమ్ముడు గొంతు సవరించుకుని, "అది వేరు అక్కా, చిన్నక్కది యాక్సిడెంట్. వీడిది కుర్ర ఒళ్ళు, తట్టుకుంటుంది. నేను తట్టుకోలేదూ?" అన్నాడు.

గోడవైపు నుంచి వాడు అడిగాడు. "నువ్వూ వేసుకున్నావు కదా మామయ్యా. నీవి చూపించు."

"ఇప్పుడా? ఆడవాళ్ళ ముందు?"

"నేను నీ ముడ్డి కడిగి పెంచినదాన్ని రా" అన్నాను. నా నోట అలాంటి మాట ఎప్పుడూ వినలేదు వాడు. నేనూ వినలేదు.

ఎంత ఎండలోనైనా వాడు పొడుగు ప్యాంటే వేసుకుంటాడని నువ్వే నవ్వేదానివి. మీ బావగారు లైటు వేశారు. వాడు లేచి, నాడా విప్పి దించాడు.

దాచకుండా రాస్తున్నాను. తొడలు కావవి. గులకరాళ్ళు కూరిన సంచులు. చర్మం వంకాయ రంగులో మెరుస్తోంది. అక్కడక్కడా బెజ్జాలు, వాటిలో దూది కుక్కి ఉంది. దూది పీకగానే అదే రసి. దాని మీద అత్తరు పూసి ఉంది. మెట్ల మీద చల్లింది పిల్లాడి వాసన పోవడానికి కాదని అప్పుడు తెలిసింది. తమ్ముడు తన వాసనే దాచుకుంటున్నాడు. మీ బావగారు పెరట్లోకి వెళ్ళి కక్కి వచ్చారు. నేను చూస్తూనే ఉన్నాను. ఎవరో ఒకరు చూడాలి కదా.

"ఎప్పటి నుంచిరా?"

"చాలా ఏళ్ళైందక్కా" అని నేల మీద కూలబడి ఏడ్చాడు. ప్యాంటు పైకి లాక్కోవడం కూడా మర్చిపోయాడు.

నీ కొడుకు మోచేతి మీద లేచి ఆ తొడల వంక చూశాడు. చాలాసేపు చూశాడు. నేనైతే అంతసేపు చూడలేను. వాడు ఇన్నాళ్ళూ అవ్వాలనుకున్నది అదే కదా. చూసి చూసి, "పెద్దమ్మా, ఆ కాగితం ఎక్కడ పెట్టావు?" అన్నాడు.

పెట్టాడు చెల్లీ. వంకరగా పెట్టాడు, కానీ పెట్టాడు.

మీ బావగారు డాక్టరుగారికి ఫోన్ చేశారు. రేపు పొద్దున మొదటి కేసు వాడిదే. ఈ జ్వరం ఇంకా ఎముకది అనిపించడం లేదు, కాలు నిలుస్తుందనే అనుకుంటున్నాను, మాట మాత్రం తెరిచాకే ఇస్తాను అన్నారట. ఆయన అన్నదానికి ఒక్క అక్షరం కలపలేదు.

తరవాత మిగతావి తేల్చుకున్నాం. ఇంకెవరికి వేశావంటే తమ్ముడు ఇద్దరు కుర్రాళ్ళ పేర్లు చెప్పాడు, వాళ్ళకీ చీము పట్టిందట. మీ బావగారు ఇప్పుడే వాళ్ళ ఇళ్ళకి బయల్దేరారు. వాడినీ వెంటబెట్టుకుని వెళ్తున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళ ముందు వాడే నోరు విప్పాలి. ఇలాంటివి పోలీసులకి రాయక తప్పదని డాక్టరుగారు అన్నారు. రాయమన్నాం. తమ్ముడు నా కాళ్ళు పట్టుకున్నాడు. నేను ప్రార్థన చేసుకున్నాను, కాళ్ళు వదిలించుకున్నాకే. వ్యాయామశాలకి తాళం పడింది. అద్దాలు రేపు దింపిస్తారు.

వెళ్ళేముందు వాడు ఛాతీ విరిచి, "నన్ను ముందు కోయమనండి. నన్ను చూస్తే పిల్లాడికి ధైర్యం వస్తుంది" అన్నాడు.

"ఇక్కడ కూడా పోటీయేనా?" అన్నాను. "నువ్వు చివర."

వాడి గడ్డలు పాతవి, జ్వరం లేదు, ఆగొచ్చని డాక్టరుగారే ఫోన్లో చెప్పారు. ముందు నీ కొడుకు, ఆ తరవాత ఆ ఇద్దరు కుర్రాళ్ళు, అందరి తరవాత వాడు. అప్పటిదాకా ముగ్గురి కట్లూ విప్పడం, రసి తుడవడం, గుడ్డలు ఉడకబెట్టడం వాడి పని. నేను పక్కన నిలబడి నేర్పుతాను, చెయ్యి వెయ్యను.

చేతులకి తొడుగులు అడిగాడు. ఇస్తామన్నాం. ముక్కుకి కట్టుకోవడానికి గుడ్డ అడిగాడు. వద్దన్నాం.

అక్క